వేగాస్ పోకర్ సిరీస్‌కి వెళ్తున్నారా? ఇంట్లోనే తేల్చుకోవాల్సినవి, అక్కడ చేయాల్సినవి

ఏటా మే ఆఖరు నుంచి జూలై సగం దాకా లాస్ వేగాస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ జరుగుతుంది. 1970లో డౌన్‌టౌన్‌లోని బిన్యన్స్ హార్స్‌షూలో కొద్దిమంది ఆటగాళ్లతో మొదలైంది. 2022 నుంచి పెద్ద క్యాసినోలుండే స్ట్రిప్ అనే వీధిలో పక్కపక్కనే ఉన్న రెండు హోటళ్లలో, హార్స్‌షూ (2022లో దాని పేరు బాలీస్), పారిస్‌లలో, నడుస్తోంది. 2025లో అక్కడ వంద బ్రేస్‌లెట్ ఈవెంట్లు, అంటే గెలిచినవాళ్లకి బ్రేస్‌లెట్ ఇచ్చే టోర్నీలు, పెట్టారు. వాటిలో ముఖ్యమైన మెయిన్ ఈవెంట్‌కి ఎంట్రీ పదివేల డాలర్లు. మిగతావన్నీ అంత ఖరీదు కావు. కొన్ని వందల డాలర్లతో కూర్చోగల ఆటలు కూడా ఉంటాయి.

ఆట ఎలా ఆడాలో ఇక్కడ చెప్పబోవడం లేదు, దానికి వేరే పుస్తకాలున్నాయి. చెప్పేది ప్రయాణం గురించి. ఎంత డబ్బు, ఏ ఈవెంట్లు, ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపడం అన్న నాలుగూ విమానం ఎక్కే ముందే కాగితం మీద ఉండాలి. రాత్రి రెండింటికి, ఓడిపోయి, నిద్ర లేక, జేబులో ఫారెక్స్ కార్డుతో నిలబడ్డవాడి చేత కొత్త నిర్ణయాలు తీయించడంలో ఆ ఊరిని మించింది లేదు.

ఆర్నెల్ల ముందు: వీసా, ప్రాక్టీసు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి బీ1/బీ2 అనే సందర్శక వీసా కావాలి. హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ 2023 నుంచి నానక్‌రామ్‌గూడలో ఉంది. అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందన్నది మన చేతిలో లేని పని కాబట్టి అన్నిటికన్నా ముందు దీన్నే మొదలుపెట్టండి. వీసా స్టాంపు పడేదాకా విమానం టికెట్ కొనొద్దు. హోటల్ బుక్ చేస్తే ఉచితంగా రద్దు చేసుకునే రకమే చేయండి.

ఇంటర్వ్యూలో ఎందుకు వెళ్తున్నారని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. "పోకర్ టోర్నమెంట్ ఆడటానికి, పన్నెండు రోజులు, ఖర్చు నాదే" అంటే చాలు. నెవాడాలో అది చట్టబద్ధమైన ఆట. పేకాట అంటే ఏమనుకుంటారో అని "నయాగరా చూడటానికి" అని మొదలుపెడితే తర్వాతి ప్రశ్నకే దొరికిపోతారు. ఉద్యోగం, ఆదాయపు పన్ను రిటర్నులు, వెనక్కి రావడానికి ఇక్కడున్న కారణాలు, ఇవి చూపించగలిగేలా పెట్టుకోండి. ఇంకోటి, 21 ఏళ్లు నిండనివాళ్లని ఆటకే రానివ్వరు.

ప్రాక్టీసు సంగతి మన రాష్ట్రాల్లో కాస్త చిక్కే. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చట్టం మార్చి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని మూసేశారు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం దేశమంతటా ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ని నిషేధించింది. కాబట్టి "యాప్‌లో వీపీఎన్ పెట్టుకుని ఆడేద్దాం" అనే సలహా ఎవరిచ్చినా పక్కన పెట్టండి. డబ్బు లేకుండా చిప్స్‌తో మాత్రమే స్నేహితులతో ఆడుకోండి. లైవ్ టోర్నీ అలవాటు కావాలంటే గోవాలో మాండవి నది మీద క్యాసినో ఓడల్లో జరిగేవాటికి ఒకట్రెండుసార్లు వెళ్లిరండి. గెలుపు కోసం కాదు. చిప్స్ లెక్కపెట్టడం, పందెం నోటితో చెప్పడం, పన్నెండు గంటలు ఒకే కుర్చీలో కూర్చోవడం చేతికీ నడుముకీ అలవాటవ్వాలి.

ఈవెంట్లు ఎంచుకోవడం

షెడ్యూల్ కొన్ని నెలల ముందే వస్తుంది. అది చూడగానే అన్నీ ఆడాలనిపిస్తుంది. ముందు ఒక నిజం రాసుకోండి: ఈ టోర్నీల్లో ఎంట్రీ ఇచ్చినవాళ్లలో దాదాపు 15 శాతం మందికే డబ్బులొస్తాయి. అందులోనూ ఎక్కువమందికి ఎంట్రీ ఫీజుకి ఒకటిన్నర, రెండింతలు మించి రాదు. బాగా ఆడేవాడు కూడా పది ఈవెంట్లలో ఏడెనిమిదింటిలో ఉత్త చేతులతో లేచి రావడం మామూలే. పన్నెండు రోజుల ప్రయాణంలో ఒక్కసారీ డబ్బులు రాకపోతే దురదృష్టం అనుకోవద్దు, ఆ ఆట లెక్కే అంత.

క్రిస్ మనీమేకర్ కథ మీకు తెలిసే ఉంటుంది. 2003లో 86 డాలర్ల ఆన్‌లైన్ శాటిలైట్ (పెద్ద టోర్నీలో సీటు బహుమతిగా ఇచ్చే చిన్న టోర్నీ) గెలిచి మెయిన్ ఈవెంట్‌కి వచ్చి 25 లక్షల డాలర్లు పట్టుకెళ్లాడు. ఆ ఏడాది మెయిన్ ఈవెంట్ ఆడింది 839 మంది. 2024లో 10,112 మంది. కథ చెప్పేవాళ్లు ఈ రెండో అంకె చెప్పరు.

మొదటిసారి వెళ్లేవాళ్లకి నా సలహా ఇది. ఒక 1,500 డాలర్ల పెద్ద ఈవెంట్, మాన్‌స్టర్ స్టాక్ లాంటిది, ప్రయాణానికి నడిమధ్య పెట్టుకోండి. దానికి ముందు 300 నుంచి 800 డాలర్ల మధ్య ఉండే రెండు మూడు ఆటలు. మిగతా రోజుల్లో అక్కడే రోజూ జరిగే చిన్న డీప్‌స్టాక్ (మొదట్లోనే ఎక్కువ చిప్స్ ఇచ్చే) టోర్నీలు. వేసవంతా వెనీషియన్, విన్, ఆరియా, ఓర్లీన్స్‌లలో కూడా సిరీస్‌లు నడుస్తాయి. బ్రేస్‌లెట్ మీద మోజు లేకపోతే అక్కడ తక్కువ రద్దీలో, అదే ఎంట్రీకి కుదురుగా ఆడుకోవచ్చు. 50 దాటినవాళ్లకి సీనియర్స్ ఈవెంట్ విడిగా ఉంది. ఆడవాళ్లకి లేడీస్ చాంపియన్‌షిప్ ఉంది. ఎంట్రీ పదివేల డాలర్లని రాసి ఉంటుంది గానీ మహిళలు కట్టేది వెయ్యే. మగవాళ్లు వచ్చి కూర్చోకుండా చేసిన ఏర్పాటు అది.

ఫ్రీజౌట్‌కీ రీ-ఎంట్రీకీ తేడా గమనించండి. మెయిన్ ఈవెంట్ ఫ్రీజౌట్, పోతే పోయినట్టే. చిన్న ఈవెంట్లలో చాలావాటికి మళ్లీ డబ్బు కట్టి కూర్చోవచ్చు. జనం డబ్బు కరిగిపోయేది ఇక్కడే. 600 డాలర్ల ఆట అని రాసుకున్నది మూడుసార్లు కూర్చుంటే 1,800 అవుతుంది. ప్రతి ఈవెంట్ పక్కన "ఒక్కసారి" అనో "గరిష్ఠం రెండు" అనో ఇంట్లోనే రాసేయండి.

మెయిన్ ఈవెంట్ ఆడాలన్న కోరిక ఉంటే తప్పు కాదు. అంత నెమ్మదైన ఆట దొరకడం అరుదు. అరవై వేల చిప్స్ ఇస్తారు, మొదట్లో బిగ్ బ్లైండ్ (ముక్కలు చూడకముందే కట్టాల్సిన పందెం) 200, అది పెరిగే ఒక్కో లెవెల్‌కి రెండేసి గంటలు. అయితే పదివేలు నేరుగా కట్టకుండా శాటిలైట్ల ద్వారా రండి. వాటికీ ఒక హద్దు పెట్టుకోండి. "ఇంకొక్క శాటిలైట్" అంటూ మూడు వేలు పోగొట్టుకున్నాక పదివేలు కట్టి కూర్చుంటే పదమూడు వేల ఆట అయింది.

డబ్బు: ఎంత, ఎలా

విమానం, గది, తిండి, వీసా, ఇన్సూరెన్స్ ఒక లెక్క. ఎంట్రీ ఫీజులు వేరే లెక్క. రెండింటినీ కలపొద్దు. మొదటిదాంట్లో గది రేటు చూసేటప్పుడు "రిసార్ట్ ఫీజు" అనేది రాత్రికి ఇంత అని విడిగా పడుతుందని గుర్తుంచుకోండి. శుక్ర, శనివారాల రేట్లు మిగతా రోజులకన్నా చాలా ఎక్కువ. రెండో లెక్కలోని డబ్బు మొత్తం పోయినా ఇంట్లో ఈఎంఐలు, స్కూలు ఫీజులు కదలకూడదు. అప్పు తెచ్చి ఆడే టోర్నీ కాదిది.

స్నేహితులు మీలో వాటా కొంటామంటారు. పోకర్‌లో అది మామూలే. కానీ వాట్సాప్‌లో ఒక్క మెసేజ్‌లోనైనా రాసుకోండి: ఎవరికి ఎంత శాతం, ఏ ఈవెంట్లలో, రీ-ఎంట్రీ డబ్బు ఎవరు పెడతారు, పన్ను పోయాక పంచుకోవాలా ముందా. ఆ చివరి ప్రశ్న ఎవరూ అడగరు. అమెరికాలో పన్ను మీ పేరు మీదే కోస్తారు. రాసుకోకపోతే పెద్దమొత్తం వచ్చిన రోజే స్నేహం చెడుతుంది.

ఇప్పుడు డబ్బు తీసుకెళ్లడం. ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో మూడు వేల డాలర్ల దాకా తీసుకెళ్లొచ్చు, మిగతాది ఫారెక్స్ కార్డు మీద. విదేశాలకి డబ్బు పంపుకునే రిజర్వు బ్యాంకు పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల హద్దు ఉంది. పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద టీసీఎస్ అనే పన్ను ముందే పట్టుకుంటారు. కానీ జాగ్రత్త పడాల్సిన చోటు వేరే ఉంది. విదేశీ మారకపు చట్టం ఫెమా నిబంధనల్లో లాటరీ టికెట్లు, స్వీప్‌స్టేక్స్ లాంటివాటికి విదేశీ మారకం వాడకూడదని నిషేధ జాబితా ఉంది. పోకర్ ఎంట్రీ ఫీజు ఆ గీతకి ఏ పక్కన పడుతుందన్నది మీ సీఏనీ, బ్యాంకునీ ముందే అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. "టూరిజం అని రాసేయండి సార్, ఎవరు చూస్తారు" అనే ఏజెంటు మాట మీద ఆధారపడొద్దు. రేపు నోటీసు వస్తే అతని ఫోన్ కలవదు.

అమెరికాలో దిగేటప్పుడు చేతిలో పదివేల డాలర్లకు మించి ఉంటే ఫారం నింపి చెప్పాలి. తీసుకెళ్లడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు.

పన్ను: దీన్ని రెండుసార్లు చదవండి

భారత్ నుంచి వెళ్లినవాళ్లు అమెరికా లెక్కలో నాన్-రెసిడెంట్లు. టోర్నీలో ఎంట్రీ ఫీజు పోను ఒక హద్దుకు మించి గెలిస్తే క్యాసినో అక్కడికక్కడే 30 శాతం కోసి మిగతాది ఇస్తుంది. బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్‌లాంటి దేశాల వాళ్లకి ఒప్పందాల వల్ల ఆ కోత ఉండదు. మనకి ఉంది. పైగా ఓడిన ఆటల డబ్బు గెలిచినదాంట్లోంచి తీసివేసుకునే వీలు నాన్-రెసిడెంట్లకి లేదు. తొమ్మిది ఈవెంట్లు పోయి పదోదాంట్లో గెలిస్తే, ఆ తొమ్మిదీ లెక్కలోకి రావు, పదోదాని గెలుపంతటి మీదా పన్ను. కోసిన పన్ను చూపిస్తూ ఇచ్చే 1042-ఎస్ కాగితాన్ని పాస్‌పోర్టులా దాచుకోండి. రెసిడెంట్‌గా మీ ప్రపంచ ఆదాయమంతా భారత్‌లోనూ చూపించాలి. అక్కడ కట్టిన పన్నుకి ఇక్కడ క్రెడిట్ అడగటానికి ఆ కాగితమే ఆధారం. అందుకే ఎంత ఆడాలో లెక్కేసేటప్పుడు గెలుపుని 70 పైసల రూపాయిగానే చూడండి.

డాలస్‌లోనో బే ఏరియాలోనో ఉంటున్న తెలుగువాళ్ల సంగతి వేరు. హెచ్-1బీ మీద ఉండి పన్ను లెక్కలో రెసిడెంట్ అయితే 30 శాతం కోయరు, గెలుపు రాసిన డబ్ల్యూ-2జీ ఫారం ఇస్తారు, ఏడాది చివర మీరే రిటర్నులో చూపించాలి. 2025లో వచ్చిన చట్టం ప్రకారం 2026 నుంచి ఓడిన డబ్బులో 90 శాతమే తీసివేసుకోగలరు. కాబట్టి ప్రతి ఎంట్రీ రసీదూ ఫోటో తీసి పెట్టుకోండి. ఎఫ్-1 మీద చదువుకుంటున్న పిల్లలు తాము అమెరికాలోనే ఉన్నాం కదా అనుకుంటారు. మొదటి ఐదు క్యాలెండర్ ఏళ్లు వాళ్లు సాధారణంగా పన్ను లెక్కలో నాన్-రెసిడెంట్లే, 30 శాతం కోత వాళ్లకీ తప్పదు.

వారాంతం చూసుకుని వచ్చేవాళ్లు డే-2, అంటే మొదటి రోజు చిప్స్ మిగిలినవాళ్లు ఆడే రెండో రోజు, ఏ వారం పడుతుందో చూడండి. శనివారం ఆడి, చిప్స్ మిగిలి, సోమవారం స్టాండప్ మీటింగ్‌కి ఏం చెప్పాలో తెలియక తల పట్టుకోవడం కన్నా ముందే సెలవు పెట్టుకోవడం నయం.

దిగాక మొదటి మూడు రోజులు

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. గల్ఫ్ మీదుగానో యూరప్ మీదుగానో వెళ్లి హ్యారీ రీడ్ ఎయిర్‌పోర్టులో దిగుతారు. వేసవిలో మనకీ వేగాస్‌కీ పన్నెండున్నర గంటల తేడా. అక్కడ మధ్యాహ్నం పన్నెండింటికి టోర్నీ మొదలయ్యేటప్పటికి మీ ఒంటి గడియారం అర్ధరాత్రి పన్నెండున్నర చూపిస్తుంటుంది. దిగిన మర్నాడే ఆడితే సాయంత్రం ఆరింటికి కళ్లు మూతలు పడతాయి, చేతిలో జాకీల జత ఉన్నా. కనీసం మూడు రాత్రులు పడుకోండి. పగలు బయట తిరగండి, కానీ జూన్, జూలైలో నలభై డిగ్రీలు దాటుతుంది. రెంటచింతల ఎండ చూసినవాళ్లకి కొత్తేం కాదు గానీ గాలి మరీ పొడి, పెదాలు పగులుతాయి. లోపల హాల్లో ఏసీ చలి. స్వెట్టర్ లేకుండా వెళ్లొద్దు.

ఈ మూడు రోజుల్లోనే రిజిస్ట్రేషన్ పని ముగించండి. క్యాసినో వాళ్ల రివార్డ్స్ కార్డు ఉచితంగా ఇస్తారు, అది తప్పనిసరి. వరల్డ్ సిరీస్ వాళ్ల డబ్ల్యూఎస్‌ఓపీ ప్లస్ యాప్‌లో ఖాతా తెరిచి, అక్కడి డెస్క్ దగ్గర పాస్‌పోర్టు ఒక్కసారి చూపించి వెరిఫై చేయించుకుంటే తర్వాత కియోస్క్ దగ్గర సీటు కాగితం తీసుకోవచ్చు. ఇది చేయనివాళ్లు పెద్ద ఈవెంట్ రోజు పొద్దున పొడవాటి క్యూలో నిలబడతారు. ఎంట్రీ డబ్బు నోట్లు గదిలో పెట్టొద్దు. యాప్ ఖాతాలోనో, క్యాసినో సేఫ్ డిపాజిట్ బాక్సులోనో ఉంచండి.

తిండి గురించి రెండు ముక్కలు. బ్రేకులు చిన్నవి, ఒకేసారి వేలమంది బయటికొస్తారు, బాత్రూం క్యూలోనే సగం బ్రేకు పోతుంది. హోటల్ లోపల రేట్లు గుండె దడ పుట్టిస్తాయి. నలుగురు కలిసి వంటిల్లున్న ఇల్లు అద్దెకు తీసుకుంటే చిన్న రైస్ కుక్కరుతో పని జరిగిపోతుంది. ఆవకాయ, పొడులు తీసుకెళ్తే కస్టమ్స్ దగ్గర తిండి ఉందని చెప్పండి. మాంసం ఊరగాయలు మాత్రం ఇంట్లోనే వదిలేయండి.

టేబుల్ దగ్గర

నోటితో అన్నమాటే పందెం. మీ వంతు వచ్చి "రైజ్" (పందెం పెంచుతున్నా) అన్నాక వెనక్కి తీసుకోలేరు. ముందు ఎవరైనా పందెం కాసి ఉండగా ఏమీ అనకుండా ఒకే పెద్ద చిప్ వేస్తే అది కాల్ (ఆ పందేనికి సరితూగడం) కిందే లెక్క, మీ మనసులో రైజ్ ఉన్నా సరే. రెండు విడతలుగా చిప్స్ తోస్తే రెండోది వెనక్కి ఇచ్చేస్తారు. అందుకే మొదటి రోజు ప్రతిసారీ ముందు మాట చెప్పి తర్వాత చిప్స్ వేయండి.

హ్యాండ్, అంటే ఒక పంపకం ఆట, నడుస్తున్నప్పుడు టేబుల్ మీద ఇంగ్లీషే మాట్లాడాలి. పక్క సీట్లో గుంటూరు అబ్బాయి కనిపించినా సరే, "ఏం బాబాయ్, ఎలా ఉంది?" అని కూడా అప్పుడు వద్దు. మన రమ్మీ బల్ల దగ్గర ముక్కలు పడేసి "నా దగ్గర రాజు ఉండె" అని వ్యాఖ్యానం చెప్పే అలవాటు చాలామందికి ఉంది. అక్కడ దానికి పెనాల్టీ వేసి కుర్చీ నుంచి లేపుతారు. చేతిలో ముక్కలుండగా ఫోన్ ముట్టుకోవద్దు. 2024 ఫైనల్ టేబుల్ దగ్గర విజేత స్నేహితుల ల్యాప్‌టాప్ గురించి పెద్ద రచ్చ జరిగింది, ఆ తర్వాత ఎలక్ట్రానిక్ సాయం మీద నిబంధనలు ఇంకా బిగించారు. గొడవొస్తే అరవకండి, చేయెత్తి "ఫ్లోర్" అని అక్కడి పర్యవేక్షకుణ్ణి పిలవండి. కూల్ డ్రింక్ తెచ్చిన అమ్మాయికి ఒక డాలర్ టిప్.

డబ్బులొచ్చే గీతకి దగ్గరపడ్డప్పుడు, అంటే బబుల్ దగ్గర, మనవాళ్లు ఎక్కువగా ముడుచుకుపోతారు. విమానం ఖర్చు గుర్తొస్తుంది కదా. చిప్స్ ఎక్కువున్నవాళ్లకి అది వాసన తెలిసిపోయి ప్రతి చేతికీ మీద పడతారు. ముందే ఖర్చు రాసేసుకుని వెళ్లమన్నది ఇందుకే.

రోజు ముగిసి చిప్స్ మిగిలితే సంచిలో పెట్టి, లెక్క రాసి, సీల్ చేసి ఇస్తారు. సీటు కాగితం ఫోటో తీసుకోండి. తిన్నగా గదికి వెళ్లండి.

ఓడాక, గెలిచాక

ఓడి బయటికొచ్చాక కాళ్లు రెండు చోట్లకి లాగుతాయి: రిజిస్ట్రేషన్ కౌంటర్‌కి, దారిలో ఉన్న రూలెట్ బల్లల వైపుకి. కాగితం మీద ఆ ఈవెంట్ పక్కన "ఒక్కసారి" అని ఉంటే అయిపోయింది. ఆ రోజుకి ఫారెక్స్ కార్డు గదిలో పెట్టి హూవర్ డ్యామ్ చూసిరండి, గంటలోపు దూరం. పోకర్ టోర్నీలో గెలిచిన డబ్బుని క్రాప్స్ అనే పాచికలాట బల్ల మీద పెట్టి పోగొట్టుకున్న గొప్ప ఆటగాళ్ల కథలు ఆ ఊళ్లో కావలసినన్ని. ఇంట్లో ఒకరికి రోజూ లెక్క పంపండి. పంపాలనిపించని రోజు ఆడటం ఆపాల్సిన రోజు.

గెలిస్తే పేఔట్ కౌంటర్ దగ్గర పాస్‌పోర్టు అడుగుతారు. పెద్దమొత్తమైతే నోట్లుగా తీసుకోకండి, బ్యాంకుకి వైర్ చేయించండి. పన్ను కాగితంలో పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉందా చూడండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న గందరగోళం మన పేర్లతో ఎప్పుడూ ఉంటుంది, ఆ కౌంటర్ దగ్గరే సరిచేయించుకోవడం తేలిక.

శంషాబాద్‌లో దిగేటప్పుడు నోట్లు ఐదువేల డాలర్లకు మించి గానీ, అన్నీ కలిపి పదివేలకు మించి గానీ ఉంటే కస్టమ్స్ దగ్గర కరెన్సీ డిక్లరేషన్ ఫారం నింపాలి. మిగిలిన విదేశీ డబ్బులో రెండువేల డాలర్ల దాకా దగ్గర పెట్టుకోవచ్చు, అంతకు మించింది 180 రోజుల్లో బ్యాంకుకి అప్పగించాలి. ఎంట్రీ రసీదులు, 1042-ఎస్, ఫారెక్స్ కార్డు స్టేట్‌మెంట్, వైర్ కాగితం ఒకే ఫైల్లో పెట్టి, వచ్చే ఏడాది జూలై రిటర్నుల రద్దీ మొదలవకముందే సీఏకి ఇచ్చేయండి.